గ్రీన్‌ఫీడ్ సమీక్ష: గడ్డి మారితే, కాలం మారితే మీథేన్ అంకెను ఎంత నమ్మాలి?

పచ్చికలో తిరిగి మేసే పశువు రోజుకు ఎంత మీథేన్ వదులుతుందో కొలవడానికి పరిశోధన క్షేత్రాల్లో బాగా వాడుకలో ఉన్న పరికరం గ్రీన్‌ఫీడ్. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం ర్యాపిడ్ సిటీకి చెందిన సీ-లాక్ సంస్థ దీన్ని తయారుచేస్తోంది. గడ్డి రకాన్ని బట్టి, కాలాన్ని బట్టి మీథేన్ ఎలా మారుతుందో తేల్చాలనుకునేవాళ్లకు ఇది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. వాయువును కొలిచే పని ఇది చక్కగా చేస్తుంది. చిక్కల్లా పశువును రప్పించడానికి వేసే దాణా గుళికలతోనే. ఆ గుళికల ప్రభావం ఎండాకాలంలో ఒకలా, లేత గడ్డి కాలంలో ఇంకోలా ఉంటుంది. అది పట్టించుకోకపోతే యంత్రం చూపే తేడాలో గడ్డి వాటా ఎంతో, గుళికల వాటా ఎంతో విడదీయలేం.

చూడటానికి ట్రాలీ మీద బిగించిన మేత తొట్టిలా ఉంటుంది. పశువు తల లోపలికి పెట్టగానే చెవి ట్యాగ్ చదివి ఏ పశువో గుర్తుపడుతుంది. దానికి ఆ పూట గుళికలు రావలసి ఉంటే కొద్దికొద్దిగా జారవిడుస్తుంది. గుళిక సైజును బట్టి ఒక్కో విడతకు 30 నుంచి 50 గ్రాములు పడతాయి. విడతల మధ్య అర నిమిషం ఎడం పెడితే పశువు మూడు నుంచి ఏడు నిమిషాలు అక్కడే నిలబడుతుంది. అంతసేపూ ఒక ఫ్యాన్ దాని మూతి చుట్టూ ఉన్న గాలిని గొట్టంలోకి లాగుతుంటుంది. గొట్టంలో ఎంత గాలి పోతోంది, అందులో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఎంత, తల ఎంత దగ్గరగా ఉంది అన్నవి సెన్సర్లు నమోదు చేస్తాయి. వీటి నుంచే రోజుకు ఇన్ని గ్రాములన్న లెక్క వస్తుంది.

ఆ లెక్క ఎంత సూక్ష్మమైనదో చిన్న ఉదాహరణ చూడండి. రోజుకు 300 గ్రాముల మీథేన్ వదిలే ఆవు నిమిషానికి 0.21 గ్రాములు, అంటే సుమారు 0.29 లీటరు వదులుతుంది. ఫ్యాన్ సెకనుకు 30 లీటర్ల గాలి లాగితే నిమిషానికి 1,800 లీటర్లు. ఆ గాలిలో మీథేన్ 160 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 160 భాగాల దాకా పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 2 పీపీఎం లోపే కాబట్టి సెన్సర్‌కు ఇది సులువైన పనే. కాకపోతే మీథేన్ సమధారగా రాదు, త్రేన్పులుగా వస్తుంది. త్రేన్పుకూ త్రేన్పుకూ మధ్య దాదాపు నిమిషం పడుతుంది. ఒకటిన్నర నిమిషంలో తల తీసేసిన పశువు దగ్గర ఒక్క త్రేన్పే దొరకవచ్చు, రెండు దొరకవచ్చు. అంకె రెట్టింపు తేడాతో ఊగుతుంది. అందుకే మూడు నిమిషాల కన్నా తక్కువున్న రాకలను లెక్కలోంచి తీసేయాలి. మిగిలినవాటిలో కూడా ఒక్కో పశువుకు, ఒక్కో గడ్డి మీద, కనీసం 30 మంచి రాకలు ఉంటేనే సగటు నిలకడగా ఉంటుంది. రోజుకు రెండుసార్లు వచ్చే పశువుకు ఇది రెండు వారాలు పైచిలుకు పని. వారం రోజులు పెట్టి ఫలితం చెప్పేసే ప్రయోగాలను నమ్మకండి.

ఇక గడ్డి సంగతి. పశువు పొట్టలో మేత పులిసే మొదటి గది పెద్దపొట్ట. అందులో పీచు పులిసినప్పుడు అసిటేట్ అనే ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది, దాంతోపాటు హైడ్రోజన్ విడుదలవుతుంది. మీథనోబ్రెవిబ్యాక్టర్ వంటి ఆర్కియా జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేస్తాయి. చక్కెర, పిండి పదార్థం పులిస్తే ప్రొపియోనేట్ అనే ఇంకో ఆమ్లం ఎక్కువ తయారవుతుంది, అది హైడ్రోజన్‌ను ఖర్చు చేసుకుంటుంది. కాబట్టి గడ్డిలో ఆకు ఎంత, కాడ ఎంత, చక్కెర ఎంత అన్నదాన్ని బట్టే మీథేన్. లేత ఆకు దశలో ఉన్న రైగ్రాస్‌లో ఎన్‌డీఎఫ్ అనే పీచు 40–45 శాతం ఉంటే, కంకి వేసి ముదిరాక అదే మొక్కలో 60 శాతం దాటుతుంది. గినీ గడ్డి, రోడ్స్ గడ్డి, నేపియర్, బ్రాకియేరియా వంటి వేడి ప్రాంతపు సీ4 గడ్లలో 65–75 శాతం మామూలే. లేత ఆకు పొట్టలోంచి త్వరగా ముందుకు జరిగిపోతుంది, పులవడానికి దొరికే సమయం తగ్గుతుంది. ముదురు కాడ అక్కడే నానుతూ ఉంటుంది. ఎన్నో ప్రయోగాల ఫలితాలను కలిపి 2011లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, తిన్న ప్రతి కిలో సేంద్రియ పదార్థానికి, సీ4 గడ్డి తిన్న పశువులు చల్లని ప్రాంతపు సీ3 గడ్డి తిన్నవాటికన్నా 17 శాతం ఎక్కువ మీథేన్ వదిలాయని తేలింది. వేడి ప్రాంతపు పప్పుజాతి మేతతో పోలిస్తే 20 శాతం ఎక్కువ. టానిన్లున్న సుబాబుల్ వంటి మేత మొక్కలు ఎందుకు ఆసక్తి రేపుతున్నాయో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

"తిన్న ప్రతి కిలోకు" అన్న మాటే ఇక్కడ కీలకం. ఈ యంత్రం కొలవనిది సరిగ్గా అదే. పశువు బయట ఎంత గడ్డి మేసిందో గ్రీన్‌ఫీడ్‌కు తెలియదు. అది చెప్పేది రోజుకు ఎన్ని గ్రాముల మీథేన్ అనే. అదొక్కటే పట్టుకుని రెండు కాలాలను పోలిస్తే ఫలితం తలకిందులవుతుంది. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలు, మాంసానికి పెంచే పశువుల విషయంలో, నాసిరకం మేత మీద తిన్న స్థూల శక్తిలో (మేతలో ఉన్న మొత్తం శక్తిలో) 7 శాతం, మంచి మేత మీద 6.3 శాతం మీథేన్‌గా పోతుందని తీసుకోమంటాయి. కిలో పొడి పదార్థంలో (నీరు తీసేసిన మేతలో) 18.45 మెగాజౌళ్లు, కిలో మీథేన్‌లో 55.65 మెగాజౌళ్లు వేసుకుంటే, నాసి గడ్డి కిలోకు 23.2 గ్రాములు, మంచి గడ్డి కిలోకు 20.9 గ్రాములు అవుతుంది. లేత గడ్డి కాలంలో పశువు 11 కిలోల పొడి పదార్థం మేసిందనుకోండి, 230 గ్రాములు. గడ్డి ఎండి కాడే మిగిలిన కాలంలో 7 కిలోలే మేసిందనుకోండి, 162 గ్రాములు. యంత్రం తెర మీద చూస్తే ఎండుగడ్డి కాలంలో మీథేన్ 30 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. అదే పశువు మొదటి కాలంలో రోజుకు 900 గ్రాముల బరువు పెరిగి, రెండో కాలంలో 200 గ్రాములే పెరిగితే, పెరిగిన కిలో బరువుకు మీథేన్ 256 గ్రాముల నుంచి 810 గ్రాములకు ఎగబాకింది. ఆకలితో ఉన్న పశువు తక్కువ మీథేన్ వదలడాన్ని గడ్డి గొప్పతనంగా చూపించడం తప్పే కాదు, అన్యాయం కూడా.

కాబట్టి గ్రీన్‌ఫీడ్ తెచ్చుకునేవాళ్లు మేత కొలతకూ ఏర్పాటు చేసుకోవాలి. మడి పచ్చికను మేతకు ముందు, తర్వాత ప్లేట్ మీటరుతో (గడ్డి మీద పలక ఆనించి ఎత్తును బట్టి గడ్డి ఎంతుందో చెప్పే పరికరంతో) కొలవడం చవకైన దారి. అయితే అది మంద సగటే ఇస్తుంది, పైగా కాడలు నిలబడ్డ గడ్డిలో ప్లేటు ఎత్తుగా ఆగిపోయి అంకె పెంచేస్తుంది. ఒక్కో పశువుకు విడిగా కావాలంటే ఆల్కేన్ పద్ధతి ఉంది. ఆల్కేన్లు మైనంలో ఉండే హైడ్రోకార్బన్లు. 32 కార్బన్ల ఆల్కేన్‌ను తూచి రోజుకు రెండు పూటలు మింగించి, గడ్డి మైనంలో సహజంగా ఉండే 33 కార్బన్ల ఆల్కేన్‌తో దాని నిష్పత్తిని పేడలో కొలుస్తారు. చాలా సీ4 గడ్లలో ఈ ఆల్కేన్లు తక్కువ, కాబట్టి అక్కడ అరగకుండా పేడలో బయటికి వచ్చే టైటానియం డయాక్సైడ్ పొడిని మింగించి పేడ పరిమాణం లెక్కగట్టి, గడ్డి జీర్ణత నుంచి మేతను రాబట్టడమే మేలు. గడ్డి నమూనాను కొడవలితో కోసి పంపకండి. పశువు ఆకు ఏరుకుని తింటుంది, కొడవలి కాడతో సహా కోస్తుంది. పశువు వెనకే నడిచి, అది కొరికిన ఎత్తులో చేత్తో తుంచిన నమూనాయే పరీక్షకు పంపాలి.

ఇప్పుడు అసలు విషయం, గుళికలు. లేత గడ్డి దట్టంగా ఉన్నప్పుడు పశువులకు గుళికల మీద మోజు తగ్గుతుంది. యంత్రం వైపు రాకలు పలచబడతాయి, కొన్ని అసలే రావు. గడ్డి ఎండాక అవే పశువులు గుళికల కోసం తొట్టి దగ్గర కాపు కాస్తాయి. దీనివల్ల రెండు రకాల తప్పు దొర్లుతుంది. ఒకటి, మంచి గడ్డి కాలపు సగటు తక్కువ రాకల మీద నిలబడుతుంది. రెండోది ఇంకా లోతైనది: ఎండుగడ్డి కాలంలో గుళికలు పొట్ట తీరునే మార్చేస్తాయి. ఎండిన గడ్డిలో మాంసకృత్తులు 5 శాతమే ఉంటే, 7 కిలోల మేతలో పశువుకు అందేది 350 గ్రాములు. 16 శాతం మాంసకృత్తులున్న గుళికలు కిలో తింటే ఇంకో 160 గ్రాములు చేరతాయి, అంటే దాదాపు సగం పెంపు. మాంసకృత్తులు 7 శాతం కన్నా తక్కువున్న గడ్డి మీద పెద్దపొట్ట సూక్ష్మజీవులు నత్రజని చాలక మందగించి ఉంటాయి. ఈ అదనపు ముద్దతో అవి లేచి కూర్చుంటాయి. పీచు ఎక్కువ అరుగుతుంది, పశువు ఇంకా ఎక్కువ మేస్తుంది, మీథేనూ పెరుగుతుంది. కొలవాలనుకున్నది ఎండుగడ్డిని, కొలిచింది దాణా అందిన ఎండుగడ్డిని.

దీనికి మందు లేకపోలేదు. ఏ కాలంలో రాకలు అతి తక్కువో ముందుగా చూసి, ఆ కాలంలో పశువు సగటున తిన్న గుళికలనే మిగతా కాలాలకు రోజువారీ గరిష్ఠంగా బిగించండి. 700 గ్రాములైతే ఏడాదంతా 700 గ్రాములే. గుళికలను వీలైతే ఎండబెట్టిన గడ్డి పొడితోనే చేయించి, రుచికి మొలాసిస్ కలిపించండి. మాంసకృత్తులు 8–10 శాతం దాటకూడదు. కొవ్వు 3 శాతం లోపు ఉండాలి, ఎందుకంటే నూనె తనంతట తనే మీథేన్ తగ్గిస్తుంది; నూనె తీయని తవుడు, నూనె శాతం ఎక్కువున్న చెక్క కలిసిన గుళికలు ఈ పనికి వద్దు. ఏడాదికి సరిపడా సరుకు ఒకే తయారీ నుంచి తీసుకుని పొడి చోట దాచాలి. కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ పది విడతలు జారవిడిచి తూకం వేయండి. గుళిక విరిగి పొడి ఎక్కువైతే విడత బరువు మారిపోతుంది, తేమ కాలంలో ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటుంది. 6–8 మిల్లీమీటర్ల మందం, గోటితో నొక్కితే చెదరనంత గట్టిదనం ఉండాలి. యంత్రం ఏ పశువుకు ఎన్ని విడతలు వేసిందో నమోదు చేస్తుంది కాబట్టి, గుళికల పొడి పదార్థాన్ని గడ్డి మేతకు కలిపి మొత్తం మేత రాయడం కష్టమేమీ కాదు. ఈ నమోదు ఈ పరికరంలో మెచ్చుకోదగ్గ గుణం.

రాకల సంఖ్యే కాదు, వేళ కూడా ముఖ్యం. పశువు తెల్లవారగానే ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి గట్టిగా మేస్తుంది. మేత తర్వాత గంట రెండు గంటల్లో మీథేన్ పెరుగుతుంది, తెల్లవారుజామున అడుగంటుతుంది. ఎండలు ముదిరినప్పుడు పశువులు మధ్యాహ్నం నీళ్ల తొట్టి దగ్గరే పడుకుంటాయి. యంత్రాన్ని కూడా అక్కడే నిలిపితే రాకలన్నీ మధ్యాహ్నానివే అవుతాయి. లేత గడ్డిలో నీరు ఎక్కువ కాబట్టి ఆ కాలంలో తొట్టి వైపు రావడమే తగ్గుతుంది. రాకకూ రాకకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం పెట్టండి. ఫలితం తీసేటప్పుడు రోజును నాలుగేసి గంటల ఆరు భాగాలు చేసి, ముందు ఒక్కో భాగానికి సగటు కట్టి, తర్వాత ఆ ఆరింటికీ సగటు కట్టండి. అన్ని రాకలనూ కలిపేసి ఒక్క సగటు తీస్తే, గడ్డి తేడా అనుకున్నది వేళ తేడాయే కావచ్చు. ఏ భాగంలోనైనా ఒక్క రాకా లేకపోతే ఆ పశువును ఆ కాలం పోలికలోంచి పక్కన పెట్టడమే నిజాయితీ.

యంత్రం సంరక్షణలోనూ కాలానికో బెడద ఉంది. గడ్డి కంకి వేసి గింజ రాలే రోజుల్లో గాలి వడపోత పొట్టుతో మూసుకుపోతుంది. గాలి ప్రవాహం సెకనుకు 26 లీటర్ల కన్నా తగ్గితే మూతి దగ్గరి ఊపిరి కొంత బయటికి తప్పించుకుంటుంది, మీథేన్ తక్కువ కనిపిస్తుంది. ముదిరిన గడ్డి మీద మీథేన్ తగ్గిందన్న విచిత్ర ఫలితం వస్తే ముందు చూడవలసింది ఈ వడపోతనే. ఆ రోజుల్లో మూడు రోజులకోసారి తీసి దులపాలి, మిగతా కాలంలో వారానికోసారి చాలు. ఈదురుగాలి ఇంకో శత్రువు. తొట్టి వీపు గాలి వచ్చే దిక్కుకు ఉండేలా ట్రాలీ నిలపాలి. కాలం మారితే గాలి దిక్కూ మారుతుంది కాబట్టి ట్రాలీ ముఖమూ మార్చాలి. మబ్బు రోజుల్లో సౌర ఫలకాల విద్యుత్తు చాలక రాత్రి రాకలు పోతాయి, అప్పుడు అదనపు బ్యాటరీ తప్పదు.

గాలి తప్పించుకుంటోందా, గడ్డి వల్లే మీథేన్ తగ్గిందా అని తేల్చడానికి ఈ యంత్రంలోనే మంచి సాక్షి ఉంది, అది కార్బన్ డయాక్సైడ్. గాలి పట్టు తప్పితే మీథేన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ ఒకే పాళ్లలో పడిపోతాయి. గడ్డి మారినందువల్ల అయితే రెండింటి నిష్పత్తి కదులుతుంది. రోజూ ఈ నిష్పత్తిని గీతగా గీసి చూసుకునేవాళ్లు పాడైన వారాన్ని వెంటనే పసిగడతారు. నెలకోసారి చిన్న సిలిండర్‌ను తూచి, మూతి ఉండే చోట మూడు నిమిషాలు కార్బన్ డయాక్సైడ్ వదిలి, మళ్లీ తూచి, తగ్గిన బరువుకూ యంత్రం చూపిన బరువుకూ పోలిక చూడాలి. మూడుసార్లు చేయండి. వందకు మూడు అటూ ఇటూ దాటితే కొలత ఆపి కారణం వెతకాలి. కాలాల పోలిక చేసేవాళ్లకు ఈ పరీక్ష ప్రతి కాలం మొదట్లోనూ చివర్లోనూ తప్పనిసరి. హైడ్రోజన్ సెన్సర్ విడిగా అమర్చుకునే వీలుంది. 3-ఎన్‌ఓపీ వంటి మీథేన్ తగ్గించే మందులు వాడినప్పుడు హైడ్రోజన్ బయటికి పోతుంది కాబట్టి అక్కడ అది ఉపయోగం. కేవలం గడ్ల పోలికకు దానికి ఖర్చు పెట్టనక్కర్లేదు.

పోటీ పద్ధతుల్లో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ పద్ధతి 1994 నుంచి ఉంది. ఆ వాయువు నింపిన చిన్న గొట్టాన్ని 39 డిగ్రీల దగ్గర ఉంచి, వారాల తరబడి తూచి, రోజుకు ఎంత వదులుతోందో తేల్చుకుని పెద్దపొట్టలో వేస్తారు. మెడకు కట్టిన, గాలి తీసేసిన శూన్య డబ్బా మూతి దగ్గరి గాలిని 24 గంటలూ పీల్చుకుంటుంది. అందులో ఆ వాయువుకూ మీథేన్‌కూ ఉన్న నిష్పత్తి నుంచి మీథేన్ లెక్క వస్తుంది. గుళికల గొడవ లేకపోవడం దీని పెద్ద లాభం, ఎండుగడ్డి కాలానికి ఇదే మెరుగు. కానీ నెలలు గడిచేకొద్దీ గొట్టం వదిలే వాయువు తగ్గుతుంది కాబట్టి ఏడాది పొడవునా ఒకే గొట్టం మీద ఆధారపడకూడదు. పైగా ఆ వాయువు వేడిమి ప్రభావం కార్బన్ డయాక్సైడ్ కన్నా 20 వేల రెట్లకు పైనే. చేతిలో పట్టుకునే లేజర్ పరికరం మందలో ఎక్కువ తక్కువలు స్థూలంగా చూడటానికి తప్ప గ్రాముల లెక్కకు పనికిరాదు, గాలి వీస్తే అదీ లేదు. పశువును లోపల ఉంచి వచ్చే పోయే గాలిని కొలిచే మూసిన శ్వాస గదులు కచ్చితత్వంలో అన్నిటికన్నా మిన్న. అయితే కోసి తెచ్చి వేసిన గడ్డిని తినే పశువుకు ఆకు ఏరుకునే స్వేచ్ఛ ఉండదు, అక్కడే పచ్చిక ప్రశ్న సగం జారిపోతుంది.

ఎన్ని పశువులు కావాలో కొనకముందే లెక్క వేసుకోండి. పశువుకూ పశువుకూ మధ్య సహజమైన తేడా 15 శాతం ఉందనుకుంటే, రెండు గుంపుల మధ్య 17 శాతం తేడాను నమ్మకంగా పట్టడానికి గుంపుకు 12–13 పశువులు కావాలి. 10 శాతం తేడా పట్టాలంటే గుంపుకు 36. ఒక్క యంత్రం 15 నుంచి 25 పశువులకే సరిపోతుంది, వాటిలోనూ కొన్ని తొట్టి వైపు తిరిగి చూడవు. అలవాటు చేయడానికే రెండు మూడు వారాలు పడుతుంది. మొదట చుట్టూ కంచె లేకుండా గుళికలు వేసి, తర్వాత ఇరువైపులా పలకలు బిగించి ఒక్క పశువే పట్టే సందు చేయాలి. లేకపోతే పక్క పశువు ఊపిరి కూడా ఇందులో కలుస్తుంది. అందుకే విడివిడి గుంపుల కన్నా, అవే పశువులను ఒక గడ్డి మీద నుంచి ఇంకో గడ్డికి మార్చి, ప్రతిసారీ 14 రోజులు అలవాటుకు వదిలి తర్వాత కొలవడం లాభం. రెండు యంత్రాలుంటే ఒక్కో గడ్డికి ఒక్కోటి పెట్టి వదిలేయకండి, మధ్యలో తప్పక మార్చండి. లేదంటే యంత్రాల తేడా గడ్ల తేడాగా నమోదవుతుంది.

కాలాల మధ్య అలా మార్చి చూసే వీలు లేదు. ఆరు నెలల్లో పశువు బరువు పెరుగుతుంది, ఈనుతుంది, పాలు తగ్గుతాయి. దీనికి ఉన్న మంచి ఉపాయం ఒకే కోతలో కోసి ఆరబెట్టి దాచిన ఎండుగడ్డి. ప్రతి కాలంలో ఆరేడు పశువులకు పది రోజుల అలవాటు తర్వాత ఆ గడ్డినే తూచి వేసి, అదే యంత్రం మీద కొలవండి. దాని మీద కిలో మేతకు వచ్చిన మీథేన్ ఏడాదంతా కదలకుండా ఉంటే, పచ్చిక మీద కనిపించిన మార్పు గడ్డిదే. అది కూడా కదిలితే, ఆ మేరకు పశువుదో యంత్రానిదో. ఈ ఏర్పాటుకూ మేత కొలతకూ సిద్ధంగా ఉన్న పరిశోధన కేంద్రాలకు, పెద్ద పశుక్షేత్రాలకు గ్రీన్‌ఫీడ్ మంచి పెట్టుబడి. అవి లేకుండా యంత్రం ఒక్కటే తెచ్చుకోవాలనుకునేవాళ్లు ముందు ప్లేట్ మీటరు, తూకం, గడ్డి పరీక్షల మీద ఖర్చు పెట్టడం మేలు. కంకి వేయకముందే మేపించడానికి ఆ మూడూ చాలు.